ఇరువది యేండ్ల అతిథులు

అతిథి యని యెవరిని పిలుతుము? నేడు వచ్చి రేపు పోవువానిని. ఇరువది యేండ్లుగ మన పొలిమేరలో నివసించి, మన చేలలో మిరపకాయలు కోసి, పత్తి తీసి, ఇక్కడనే బిడ్డలను గని పెంచినవానికి ఆ పేరు చెల్లదు. అతడు మన పొరుగువాడు. గోదావరి, శబరి తీరముల అడవులలో నివసించు గుత్తికోయలను మనము ఇంకను పరాయివారిగనే యెంచుచున్నాము. ఇది మనకు గౌరవమును కాదు, క్షేమమును కాదు.

2005 జూనులో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున, అప్పటి దంతేవాడ జిల్లాలో, సల్వాజుడుం ఆరంభమయ్యెను. ఒకప్రక్క మావోయిస్టుల తుపాకి; వేరొకప్రక్క ప్రభుత్వపు చేయూత గల దండు. నడుమ చిక్కిన ఆదివాసికి ఇల్లు దక్కలేదు, గింజ దక్కలేదు. వందలాది పల్లెలు పాడువడినవి. కొందరు రహదారి ప్రక్కనున్న శిబిరములకు చేర్పబడిరి. వేలాది కుటుంబములు సరిహద్దు దాటి నాటి ఖమ్మం, వరంగల్లు జిల్లాల అడవులను చేరినవి. అంతకు పూర్వమే కూలిపనికై వచ్చి నిలిచినవారును వీరిలో కొందరు గలరు. ఆదివాసి యువకులకు ఆయుధములిచ్చి ప్రత్యేక పోలీసులుగ నియమించుట రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5వ తేదీన తీర్పు చెప్పెను. తీర్పు వచ్చినది గాని, కాలిన గుడిసె తిరిగి లేవలేదు.

మొట్టమొదట వీరికి చోటిచ్చినది ప్రభుత్వమును కాదు, పట్టణవాసులమైన మనమును కాము; ఆ అడవులలోని కోయలే. భాష దగ్గరది, వేలుపులు దగ్గరివారు, ఇంటిపేర్లును కొన్ని కలియును. కాని ఇచ్చినవాడును బీదవాడే. వచ్చినవారు తక్కువ కూలికి ఒప్పుకొనగా ఇక్కడివారి కూలి తగ్గెను. పోడుకై చెట్టు కొట్టగా అడవి తరిగెను. తమ చదువులలో, కొలువులలో గల స్వల్పభాగమునకు రేపు వీరును వత్తురేమో యను భయము పుట్టెను. అంతియే కాదు. చింతూరు, కూనవరము ప్రాంతములలో ఆశ్రయమిచ్చిన కోయలు తామే పోలవరము జలాశయమువలన నిర్వాసితులగుచున్నారు. తన గూడే నిలుచునో లేదో యెరుగనివాడు పరునికి ఎంతకాలము నీడ యీయగలడు? అతని భయమును సంకుచితత్వమని నిందించుట మాకు సమ్మతము కాదు.

ఈ చిక్కు ముదిరినచో నేమగునో 2022 నవంబరులో చూచితిమి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు వివాదమున ఒక అటవీ క్షేత్రాధికారి హతుడయ్యెను. విధినిర్వహణలో నున్నవానిని చంపుట ఘోరము. 2023లో న్యాయస్థానము ఇద్దరు దోషులకు యావజ్జీవశిక్ష విధించెను. న్యాయము జరిగినది. కాని తీర్పుకంటె ముందే, ఆ గుంపువారందరిని వెళ్లగొట్టవలెనని అక్కడి పంచాయతీ తీర్మానించినట్లు పత్రికలు ప్రకటించెను. ఇద్దరి నేరమునకు ఊరినెల్ల శిక్షించు ధర్మము మన శాస్త్రములలో లేదు, మన చట్టములలోను లేదు. భారతదేశమున ఎక్కడనైనను నివసించు హక్కును రాజ్యాంగపు 19వ అధికరణము ప్రతి పౌరునకును ఇచ్చినది. షెడ్యూల్డు తెగల క్షేమమునకై ఆ హక్కుపై న్యాయమైన కట్టుబాట్లు చేయవచ్చును. ఆ కట్టుబాటు శాసనముచే రావలయును గాని, గుంపు కోపముచే రారాదు.

వీరి కష్టమునకు మూలము పత్రము లేకుండుట. షెడ్యూల్డు తెగల పట్టిక ఒక్కొక్క రాష్ట్రమునకు వేరుగ నిర్ణయింపబడును. ఒక రాష్ట్రపు తెగవాడు వేరొక రాష్ట్రమునకు వలసపోయినచో ఆ హోదా వెంటరాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు వ్యాజ్యమున సుప్రీంకోర్టు నిర్ణయించినది. ఇక 2006 నాటి అటవీహక్కుల చట్టము 2005 డిసెంబరు 13కు పూర్వము సాగులో నున్నవారికే పట్టా హక్కు నిచ్చుచున్నది. దండు బయలుదేరినది అదే సంవత్సరము జూనులో! గడువునకు ముందు పారిపోయి వచ్చి నేల చదును చేసికొన్నవారు ఎందరుందురు? అక్కడ విడిచిన భూమి అక్కరకు రాదు. ఇక్కడ దున్నిన భూమి ఆక్రమణ యగును. కనుకనే వారి గుంపులకు దారి పడదు, నీటికి వాగులోని చెలమయే గతి యగును, గుడిసెలు కూలుచుండును, మరల లేచుచుండును.

ఇట్టి స్థితిని తెలుగువారు ఎరుగనివారు కారు. 1941 డిసెంబరులో రంగూనుపై జపాను బాంబులు పడగా లక్షలాది భారతీయులు కాలినడకను కొండలు దాటి వచ్చిరి; వారిలో మనవారు అనేకులు. 1964లో బర్మా ప్రభుత్వము వర్తకమును జాతీయము చేసిన పిమ్మట మరల ఓడలలో వచ్చి దిగిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేట నేటికిని ఆ కథను చెప్పుచున్నది. బర్మానుండియు, సింహళమునుండియు వచ్చినవారికై 1969లో మద్రాసున రెప్కో బ్యాంకు నెలకొల్పబడినది. చేయిచాచినవానికి పిడికెడు బియ్యము పెట్టి పంపుటకంటె, అప్పిచ్చి అంగడి పెట్టించుట మేలని అప్పటి పెద్దలు గ్రహించిరి. అంతకు ముందు దేశవిభజన వేళ ఫరీదాబాదులో, వాయవ్య సరిహద్దునుండి వచ్చిన కాందిశీకులే సహకార సంఘములుగ కూడి తమ యిండ్లను తామే కట్టుకొనిరి. రాజేంద్రప్రసాదుగారు ఆ నిర్మాణమండలికి అధ్యక్షులు. కమలాదేవి చటోపాధ్యాయగారు సహకారోద్యమమునకు ప్రాణము. ఇల్లు కట్టినవాడు కూలి సంపాదించెను, పని నేర్చెను, ఊరివాడయ్యెను.

అది పాతకాలపు మాట యందురా? నిన్నటి మాటను చెప్పెదము. 1997లో మిజోరమునుండి పారిపోయిన బ్రూ తెగవారు త్రిపురలోని శిబిరములలో ఇరువదిమూడేండ్లు మ్రగ్గిరి. 2020 జనవరి 16న కేంద్రప్రభుత్వము, ఉభయ రాష్ట్రములు, బ్రూ ప్రతినిధులు ఒక ఒడంబడిక చేసికొనిరి. సుమారు 34 వేలమందికి త్రిపురలోనే స్థిరనివాసము. కుటుంబమునకు 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు గల స్థలము. ఇంటికి లక్షయేబదివేల రూపాయలు. 4 లక్షల నిల్వధనము. రెండేండ్లు ఉచిత ధాన్యము, నెలకు 5 వేల రూపాయలు. ఓటరు పట్టికలో పేరు. ఇందులకు 600 కోట్ల రూపాయలు నిర్ణయింపబడినవి. ఈశాన్యమున సాధ్యమైనది గోదావరి తీరమున అసాధ్యమెట్లగును? బ్రూలు శిబిరములలో నుండిరి కనుక లెక్కకు వచ్చిరి. గుత్తికోయలు చెదరి యున్నారు కనుక లెక్కకు రాలేదు. భేదము ఇంతియే.

కావున మా మనవి యిది. కేంద్రమును, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వములును కూడి ముందుగ ఇంటింటి లెక్క తీయవలయును. తిరిగి పోగోరువానికి అతని భూమిని, భద్రతను చూపవలయును. ఉండగోరువానికి స్థలమును, పనిని చూపవలయును. పొమ్మనుటగాని ఉండుమనుటగాని బలవంతముగ జరుగరాదు. తెగహోదా వివాదము తేలువరకు మిగిలినవన్నియు ఆగనక్కరలేదు: జనన పత్రమునకు, రేషను కార్డునకు, ఆసుపత్రికి, చట్టము నిర్ణయించిన కూలికి ఆ హోదాతో పనియేమి? బడిలో మొదటి తరగతులకైనను కోయభాష తెలిసిన ఉపాధ్యాయుని నియమింపవలయును. తెలుగు రాని పసివాడు తెలుగు పాఠమునెదుట ఎన్నినాళ్లు కూర్చుండును?

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. ఈ వ్యయములో ఒక్క కాసైనను స్థానిక కోయల భాగమునుండి తీయరాదు. వారి పట్టాలు, వారి పోలవరపు పరిహారము ముందు తేలవలయును. గుంపునకు వేయు బాట కోయగూడెము మీదుగ సాగవలయును. త్రవ్వు బావి ఇరువురికిని అందవలయును. పొరుగువాడు వచ్చినందున తనకును మేలు కలిగినదని కోయ యెన్నడు తలచునో, నాడే అసలైన కలయిక.

ప్రభుత్వము కదలువరకు చేతులు కట్టుకొని యుండవలసిన పని మనకు లేదు. భద్రాచలము, కొత్తగూడెము, ములుగు పట్టణములలో న్యాయవాదులున్నారు, వైద్యులున్నారు, గ్రంథాలయములున్నవి. నెలకొక ఆదివారము నలుగురు చదువరులు ఒక గుంపునకు పోయి దరఖాస్తులు వ్రాసిపెట్టిన చాలును. మిరపకోతకు వారిని పిలుచు రైతులు కూలిని లెక్కకట్టి చేతికిచ్చిన చాలును. 2005లో తల్లి చంకనెక్కి శబరి దాటిన శిశువునకు నేడు ఓటువయస్సు దాటినది. అతనికి తెలిసిన ఊరు ఇదియే. నీ ఊరేదని అడిగినప్పుడు తడబడక చెప్పుకొనగల హక్కును అతనికి కలిగించుట మన ధర్మము.