సూట్‌కేసులో పట్టని రామాయణం

అత్తాపూర్‌లో ఇల్లెక్కడ అని అడిగితే చాలామంది వీధి పేరు చెప్పరు. ఫలానా పిల్లర్ నంబరు దగ్గర అంటారు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే 2009లో మొదలైనప్పటి నుంచి ఆ స్తంభాలే ఇక్కడ ఆనవాళ్లు. పైన శంషాబాద్ విమానాశ్రయానికి పరుగెత్తే కార్లలో తరచూ కనిపించే దృశ్యం ఒకటుంది. వెనక సీట్లో ఓ అమ్మ. డిక్కీలో కిలోల లెక్కన తూచి సర్దిన సూట్‌కేసులు. వాటిలో ఆవకాయ, కందిపొడి, బాలింతకు కాయం. అమెరికాలో కూతురికి నెలలు నిండాయి. పురుడు పోయడానికి అమ్మ బయల్దేరింది!

ఆమె దగ్గర తూకానికి రాని సామాను కూడా ఒకటి ఉండొచ్చు. చిన్నప్పుడు అమ్మమ్మ నోట విన్న పాట. దాన్ని ఎవరూ సామాను కింద లెక్కపెట్టరు. ఆ పాటను సాహిత్యం కింద లెక్కపెట్టినవాళ్లూ తక్కువే. ఆ తక్కువ మందిలో ఒకరు వెల్చేరు నారాయణరావు.

ఏలూరు నుంచి మాడిసన్‌కు

ఏలూరులో తెలుగు పాఠాలు చెప్పిన నారాయణరావు 1971లో అమెరికా వెళ్లారు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు తెలుగు బోధించారు. ఆ తర్వాత అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. 1978లో వచ్చిన ‘తెలుగులో కవితా విప్లవాల స్వరూపం’ మన విమర్శలో పెద్ద చర్చకు దారితీసింది. జెరూసలేం పండితుడు డేవిడ్ షుల్మన్‌తో కలిసి ఆయన చాటువులనూ, అన్నమయ్య పదాలనూ ఇంగ్లీషులోకి తెచ్చారు. గురజాడ ‘కన్యాశుల్కం’ను తానే అనువదించారు. కేంద్ర సాహిత్య అకాడమీ ఆయన్ను గౌరవ సభ్యుడిగా ఎన్నుకుంది.

ఇంత పనిలోనూ ఆయన పదేపదే అడిగిన ప్రశ్న చాలా మామూలుది. ఈ మాట ఎవరు చెబుతున్నారు? ఎవరు వింటున్నారు?

ఉదాహరణకు బొబ్బిలి యుద్ధం. 1757లో జరిగింది. దాన్ని బుర్రకథగా వింటూ పెరిగినవాళ్లం. ‘భారతీయులకు చరిత్ర రాయడం తెలియదు’ అన్న పాత నిందకు జవాబుగా నారాయణరావు, షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి 2001లో ఓ పుస్తకం తెచ్చారు. అందులో బొబ్బిలి కథ కూడా ఉంది. మనవాళ్లు చరిత్రను కావ్యంగానో, కథగానో చెప్పేవారనీ, ఏది చరిత్రో ఏది కల్పనో విన్నవాళ్లకు ఆ చెప్పే తీరులోనే తెలిసిపోయేదనీ వాళ్ల వాదన. షెల్డన్ పొలాక్ లాంటి పండితులు దాన్ని ప్రశ్నించారు. చర్చ గట్టిగానే సాగింది.

పెరటి వైపు నుంచి చూస్తే...

అదే ప్రశ్నతో ఆయన ఆడవాళ్ల రామాయణపు పాటల దగ్గరకు వెళ్లారు. పౌలా రిచ్‌మన్ సంపాదకత్వంలో 1991లో వచ్చిన సంకలనంలో ఆ వ్యాసం ఉంది. మగవాళ్లు చదివే కావ్యంలో రాముడు పుట్టాడంటే పాయసం, పండగ. పాటలో అయితే ముందు కౌసల్య పడిన నొప్పులుంటాయి. కన్న తల్లులు కట్టిన పాట మరి!

ఊర్మిళ సంగతి చూడండి. మొగుడు అడవికి వెళ్లాక పద్నాలుగేళ్లూ నిద్రపోయింది. తిరిగొచ్చిన లక్ష్మణుడు లేపితే ఆమె పోల్చుకోలేదు. పరాయి మగాడనుకుని భయపడింది, గదమాయించింది. లక్ష్మణుడి నవ్వు మరీ విచిత్రం. నిండు సభలో ఉన్నట్టుండి నవ్వుతాడు. నిద్రాదేవి గుర్తొచ్చి నవ్వాడు పాపం. సభలో ప్రతివాడూ తన గుట్టు తెలిసే నవ్వాడనుకుని ఉలిక్కిపడతాడు. పెద్దల గుట్లన్నీ అలా బయటపడతాయి.

శూర్పణఖ మారువేషంలో వచ్చి రావణుడి బొమ్మ గీయమంటే, తాను చూసింది కాలి బొటనవేలే అంటుంది సీత. అదే గీస్తుంది. మిగతాది శూర్పణఖ పూర్తి చేస్తుంది. నింద మాత్రం సీత మీద. పాటలో ఇంట్లోని ఆడవాళ్లు సీత పక్షాన నిలబడతారు.

ఆ పాటలన్నీ ఒక్కలా లేవనీ నారాయణరావు చూపించారు. బ్రాహ్మణ ఇళ్లలో మధ్యాహ్నం పనులయ్యాక పాడుకునే పాటలు వేరు, ఇతర కులాల ఆడవాళ్లవి వేరు. రాముడికి ఇచ్చే చోటులోనూ తేడా ఉంది. కులం మారితే కథలో బరువు పడే చోటు మారింది.

వీటివల్ల కాపురాలేమైనా మారాయా అని అడగొచ్చు. అవి బాహాటమైన తిరుగుబాటు పాటలని ఆయనా అనలేదు. వింటే పుణ్యమని ముగుస్తాయి, మర్యాద దాటవు. కానీ ఎదురుగా అనలేని మాటను నాలుగు గోడల మధ్య, తమవాళ్లు వింటుండగా, ఆడవాళ్లు తరాల పాటు అంటూనే వచ్చారు. వినే మనుషులు ఉన్నంతకాలమే ఆ మాటకు అర్థం.

ఇప్పుడు ఆ వినేవాళ్లే కరువయ్యారు. పురుడు ఆసుపత్రిలో, మధ్యాహ్నం టీవీ ముందు. మనవరాలికి తెలుగు అర్థమైతే గొప్ప. పాట వచ్చిన అమ్మమ్మను పాడమని అడిగే గొంతు లేదు. అచ్చులోకి ఎక్కిన పాటలు కొన్నే. మిగతావి ఆమెతోనే పోతాయి.

మీ ఇంట్లో అలాంటి పెద్దావిడ ఉంటే ఈ ఆదివారం కౌసల్య పురిటి పాట వచ్చా అని అడగండి. ‘ఎప్పటిదో, మర్చిపోయాలే’ అంటారు మొదట. పక్కనే కూర్చోండి. తొందరపెట్టకండి. ఫోనులో రికార్డు చేయడం తర్వాత సంగతి. ముందు వినండి.