కాలువగట్టున గిజిగాని యిల్లు

ఇంటిపనుల నడుమ గడియసేపు తీరిక చిక్కినచో పిల్లలను వెంటబెట్టుకొని కాలువగట్టునకు పోయి రండు. ధవళేశ్వరమున 1852లో ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి డెల్టాయందు ప్రవహించిన కాలువలు పైరులకే కాదు, పక్షులకును ఆధారములు. లకుముకిపిట్ట గట్టునందే సొరంగము త్రవ్వి గ్రుడ్లు పెట్టును. నీటికాకి మునిగి చేపను పట్టి, తడిసిన రెక్కలను మోడుపై ఆరబెట్టుకొనును.

అన్నింటికంటె ముచ్చటైనది గిజిగాని కాపురము. వానకాలమున మగపక్షి తాటియాకు చీలికలతో, గడ్డిపోచలతో నీటిపైకి వ్రేలాడు కొమ్మకు గూడు అల్లును. సగము కాగానే ఆడుపక్షి వచ్చి పరీక్షించును. ఆమెకు నచ్చినచో మగపక్షి క్రిందికి వ్రేలు గొట్టమువంటి వాకిలి నమర్చి గూటిని పూర్తిచేయును.

నిరుడు శ్రావణమున మేమొక తప్పు చేసితిమి. అట్టి గూడు మన వసారాలో వ్రేలాడదీసిన నెంత యందముగా నుండునో యని పిల్లవానితో అంటిమి. వాడు మా ముచ్చట తీర్పనెంచి కర్రతో నొకదానిని లాగి తెచ్చెను. లోపల రెండు తెల్లని గ్రుడ్లు పగిలియుండెను. చీకటిపడువరకు నొక పిట్ట ఆ కొమ్మచుట్టు తిరుగుచునే యుండెను. పిల్లవానినేమని మందలింతుము? కోరిక మాది.

కావున గూటిని దూరమునుండియే చూచి యానందింపుడు. పిల్లలకును చూచుటయే నేర్పుడు. ఒక యిల్లు నిలుపుటకెంత పాటు పడవలెనో ఇల్లాండ్రమైన మనకు వేరుగా చెప్పవలెనా?