నీళ్లు నిలిచే మూలకు మద్ది చెట్టు

మొయినాబాద్, చేవెళ్ల వైపు స్థలం కొనుక్కున్న వాళ్లు చాలామంది మొదట చేసే పని, వానకు నీళ్లు నిలిచే పల్లపు మూలలో మొరం పోయించడం. తర్వాత ప్రహరీ వెంట కోనోకార్పస్ వరస. ఏడాది తిరిగేసరికి పచ్చటి గోడ లేస్తుంది, ఫొటోల్లో బాగుంటుంది. నాకు మాత్రం ఈ పద్ధతి నచ్చదు. ఆ పల్లం దండగ నేల కాదు, మంచి చెట్టు పెట్టాల్సిన చోటు.

చలి దేశాల వాళ్లకు తడి నేలలో పెరిగే ఓక్ చెట్లున్నాయి. మనకు తెల్లమద్ది ఉంది. వాగుల ఒడ్డున పెరుగుతుంది కనుక ఏరుమద్ది అనీ అంటారు. మనకు కొత్తదేం కాదు. వినాయక చవితి పత్రిలో ‘అర్జున పత్రం’ అంటూ వేసేది దీని ఆకునే. జంగారెడ్డిగూడెం దగ్గర గురవాయిగూడెంలో ఎర్రకాలువ ఒడ్డున మద్ది ఆంజనేయస్వామి కొలువైంది ఈ చెట్టు కిందే. మణిపూర్‌లో దసలి పట్టుపురుగుకు ఓక్ ఆకు మేపితే, మన మహదేవపూర్ వైపు మద్ది ఆకు మేపుతారు.

పెంచడమూ కష్టం కాదు. ఎండాకాలంలో అయిదు రెక్కల ఎండు కాయలు రాలుతాయి. రెండు రోజులు నీళ్లలో నానబెట్టి కవర్లలో నాటాలి. మొక్క కాస్త ఎదిగాక తొలకరికి పల్లపు మూలలో పెడితే సరి. మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు పోయడం మాత్రం మరవొద్దు. ఎనభై అడుగుల దాకా పెరగగల చెట్టు, అందుకే ఇంటికీ కరెంటు తీగలకూ దూరంగా పెట్టాలి.

“ఎప్పటికి పెరుగుతుంది? ఆకులెవరు ఊడుస్తారు?” అని మా వారి ప్రశ్న. ఊడ్చేది ఎలాగూ మనమే కదా! రాలిన ఆకు చెట్టు మొదట్లోనే వేస్తే అదే ఎరువు. ఇక ఎప్పటికంటే, మన పిల్లల కాలానికి. చేవెళ్ల రోడ్డు మీద తొమ్మిది వందలకు పైగా ఉన్న మర్రిచెట్లు నాటిన వాళ్లు వాటి నిండు నీడలో కూర్చోలేదు. రోడ్డు వెడల్పు పనుల్లో అవి ఉంటాయా పోతాయా అని మనమంతా బాధపడ్డాం. బాధపడ్డ వాళ్లలో ఒక్క చెట్టు నాటిన వాళ్లెందరు?

ఇంకో మాట. ఇటు పడిన వాన హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌లకు చేరాలి. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని కాపాడడానికి కట్టిన చెరువులవి. వాటి ఎగువ నేల కోసమే 1996లో 111 జీవో వచ్చింది. ఆ జీవో ఉండాలా, పోవాలా అని మన ఇళ్లలో మగవాళ్లు గంటలు గంటలు వాదించుకుంటారు. వాదించుకోనివ్వండి. పల్లం పూడ్చాలా వద్దా అన్నది మాత్రం మన గేటు లోపలి సంగతి. ఆ మాట మనం గట్టిగా చెప్పొచ్చు. మొరం లారీకి ఫోన్ చేసే ముందే చెప్పాలి.