బంకు ఎత్తేశారు, కింది మట్టి సంగతేమిటి?

తిరుపతిలో పాత పెట్రోలు బంకు మూతపడితే ఆ జాగా ఎన్నాళ్లో ఖాళీగా ఉండదు. లాడ్జో, కాంప్లెక్సో, అపార్ట్‌మెంటో లేస్తుంది. జేసీబీతో ట్యాంకు పెకలిస్తారు, పాత ఇనుముకు అమ్ముతారు, సెల్లార్ తవ్వకం మొదలుపెడతారు. ఏళ్ల తరబడి పెట్రోలు, డీజిలు నిల్వ ఉన్న ఆ గుంతలో మట్టి ఎలా ఉందని అడిగేవాళ్లు అరుదు.

అడగాలి. ఎందుకో తెలియాలంటే మూడు నాలుగు గంటల బస్సు ప్రయాణంలో ఉన్న ఉత్తర చెన్నైని చూస్తే చాలు. తెలుగువాళ్లు తరతరాలుగా ఉంటున్న ఆ ప్రాంతంలోని తండయార్‌పేటలో 2013లో ఇళ్ల బోర్లలో నీళ్లతో పాటు ఇంధనం వచ్చింది. భూమి కింద భారత్ పెట్రోలియం పైపులైను లీకైంది. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు ఎక్కింది. ఐఐటీ మద్రాసు నిపుణులు రంగంలోకి దిగినా శుభ్రం చేయడానికి ఏళ్లు పట్టింది. తిరుపతి, చిత్తూరు కింద చాలాచోట్ల ఉన్నది గ్రానైటు. మట్టి పొర దాటిన ఇంధనం రాతి పగుళ్లు పట్టుకుని పోతుంది. ఏ వీధిలో ఎవరి బోరులో తేలుతుందో పైనుంచి చూసి చెప్పలేం. పెట్రోలులోని బెంజీన్ క్యాన్సర్ తెచ్చే పదార్థం. తాగునీటిలో అది లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మట్టి పరీక్ష అనగానే ఇక్కడి వేరుశనగ రైతుకు ఒక పద్ధతి తెలుసు. పొలంలో ఎనిమిది పది చోట్ల జానెడు గుంత తీసి, ఆ మట్టినంతా పట్టా మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ చివరికి అరకిలో మిగిలిస్తాడు. నీడలో ఆరబెట్టి పంపుతాడు. భూసారానికి అది సరైన దారే. పెట్రోలు ట్యాంకు దగ్గర అదే చేస్తే మాత్రం మోసపోతాం. కలుపుతుండగానే పెట్రోలు ఆవిరైపోతుంది, ఆరబెడితే మిగిలిందీ పోతుంది, రిపోర్టులో ‘కాలుష్యం లేదు’ అని వస్తుంది. ఇక్కడ ఏ చోటి మట్టిని ఆ చోటిదిగానే సీసాలో ఖాళీ లేకుండా నింపి, మూత బిగించి, ఐసుపెట్టెలో ల్యాబుకు చేర్చాలి.

లోతూ అంతే ముఖ్యం. ట్యాంకు అడుగు పది పన్నెండు అడుగుల కింద ఉంటే జానెడు మట్టి ఏం చెబుతుంది? ట్యాంకు రెండు కొనల కింద, ట్యాంకరు లారీ గొట్టం తగిలించే నోటి దగ్గర, పంపుల అడుగున, పైపు అతుకుల వెంట తీయాలి. అవి ఎక్కడెక్కడో తెలియాలంటే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) లైసెన్సుతో ఆమోదించిన పాత ప్లాను కావాలి. డిప్ రాడ్ దించి కొలతలు రాసిన స్టాకు రిజిస్టర్లు తిరగేయాలి. తరుగు ఎక్కువ కనిపించిన నెలలు లీకు ఆనవాళ్లు కావచ్చు. అక్కడ ఏళ్లపాటు పనిచేసినవాళ్లను పిలిచి, ఏ పైపు ఎప్పుడు మార్చారో అడగాలి. ఇదంతా డ్రిల్లింగ్ యంత్రం రాకముందే జరగాలి. బంకు వయసు కూడా చూడాలి. 2000 ఫిబ్రవరికి ముందు నుంచీ నడిచినదైతే సీసం కలిపిన పెట్రోలు అమ్మి ఉండొచ్చు కాబట్టి సీసానికీ పరీక్ష చేయించాలి.

ఒక్కసారి తీసి ఊరుకుంటే చాలదు. 2021 నవంబరులో తిరుపతికి వరదలు తెచ్చిన వానల్లాంటివి పడితే భూగర్భజలం పైకి లేస్తుంది. నీటి కన్నా తేలికైన పెట్రోలు దానితో లేచి, ఎండాకాలంలో దిగుతూ, మధ్యలోని మట్టికంతా పూసుకుంటుంది. అందుకే మే నెలలో ఒకసారి, ఈశాన్య రుతుపవనాల తర్వాత మరోసారి చూడాలి.

చట్టం లేదనడానికి వీల్లేదు. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025 జూలైలో నియమాలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి ఇవ్వాలి; కాలుష్యం తేలితే ఖర్చు కారకులదే. ఈ సమస్య బంకులతోనే ఆగదు. తిరుపతిలోని అలిపిరి బస్సు డిపోకు ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి. రేపు డిపోల్లోని డీజిలు ట్యాంకులూ ఒక్కొక్కటిగా పక్కకు పోతాయి.

తిరుపతి, చిత్తూరు కలెక్టర్లు మూతపడిన బంకులన్నింటినీ ఆ జాబితాకు ఎక్కించాలి. అలాంటి జాగాలో మట్టి రిపోర్టు లేనిదే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ (తుడా) గానీ, నగరపాలక సంస్థలు గానీ ప్లానుకు అనుమతి ఇవ్వకూడదు. అక్కడ ఫ్లాటు కొనబోయేవారు లింకు డాక్యుమెంట్లతో పాటు ఆ రిపోర్టు కూడా అడగాలి.