తాళంచెవి ఎవరి దగ్గర?

2022 మే 24 సాయంత్రం అమలాపురంలో అప్పటి మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లూ, ఎమ్మెల్యే పొన్నాడ సతీశ్ కుమార్ ఇల్లూ తగలబడ్డాయి. ఆ ఏడాది ఏప్రిల్ 4న ఏర్పడ్డ కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చే ప్రతిపాదన మే 18న వెలువడింది. వారం తిరక్కుండానే వ్యవహారం మంటల దాకా వచ్చింది. కొన్నాళ్లు ఇంటర్నెట్ ఆపేశారు. ఆగస్టులో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాగా పేరు ఖాయమయింది. ఆ రోజుల్లో పదే పదే వినిపించిన మాట ఒకటుంది. అన్నదమ్ముల్లా కలిసి బతికిన పచ్చని కోనసీమ ఒక్కసారిగా చీలిపోయిందట.

ఈ మాటలో అక్కచెల్లెళ్లు ఎలాగూ లేరు. ఆ సంగతి అలా ఉంచినా ఇది నిజం కాదు. కోనసీమ 2022లో చీలలేదు. చీలికతోనే కట్టిన ఊళ్లు మనవి. ఊరు ఒకచోట, పేట ఇంకొకచోట. మధ్యలో కాలువో, మురుగు కోడో, కొబ్బరి తోటో, పుంతో ఉంటుంది. ఒకే కాలువ మీద ఎగువన ఊరి రేవు, దిగువన పేట రేవు. శ్మశానాలు వేరు. ఊళ్లో రామాలయం, పేటలో చర్చి. రేవుకి వెళ్లేదీ, నీళ్లు మోసేదీ, గడ్డి కోసేదీ, పిల్లల్ని బడికి దింపేదీ ఆడవాళ్లే కాబట్టి ఏ గట్టు దాటాలో, ఏ గట్టు దాటకూడదో చిన్నప్పటినుంచీ ఒంటికి పట్టేదీ ఆడవాళ్లకే.

ఇదంతా పాతకాలపు ఆచారం, కాలం మారితే పోతుంది అనుకునేవాళ్లున్నారు. ఈ చీలికను స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వ డబ్బుతో మళ్లీ మళ్లీ కట్టిన సంగతి వాళ్లు గమనించరు. పక్కా ఇళ్ల పథకం ఏ పార్టీది అయినా, స్థలం మాత్రం ఎస్సీ కాలనీ, బీసీ కాలనీ అంటూ కులం లెక్కనే దొరికింది. కమ్యూనిటీ హాళ్లు కూడా అంతే. కమ్యూనిటీ అంటే కులం అనే అర్థం మన వాడుకలో స్థిరపడిపోయింది. ఊళ్లో ఒక కులానికో కల్యాణ మండపం, ఇంకో కులానికో భవనం, పేటలో అంబేద్కర్ భవన్. ప్రజాప్రతినిధుల నిధులు వీటన్నిటికీ విడివిడిగా వస్తాయి. అందరికీ కలిపి ఒకటి కావాలని అడిగేవాళ్లు లేరు, కాబట్టి అది రాదు.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. అంబేద్కర్ భవన్‌నూ, పెత్తందారీ కులాల మండపాలనూ ఒకే గాట కట్టడం తప్పు. ఊరి మండపంలో చోటు లేనప్పుడు తమకంటూ నాలుగు గోడలు కట్టుకోవడం దళితులు పోరాడి సాధించుకున్న హక్కు. ఉమ్మడి స్థలం పేరు చెప్పి దాన్ని తగ్గించమని అడిగే అధికారం ఎవరికీ లేదు. నేనడుగుతున్నది వేరు. వేరు వేరు భవనాలు ఉండగా, అందరిదీ అని నిజంగా చెప్పుకోగల భవనం ఒక్కటైనా ఎందుకు లేదు?

విడిపోయిన నగరాల్ని, వాడల్ని కలపడానికి గ్రంథాలయాలు, పార్కులు, సామూహిక భవనాలు కట్టాలని ఆర్కిటెక్టులు ఈ మధ్య ఎక్కువగా మాట్లాడుతున్నారు. స్థానికుల్ని అడిగి డిజైన్ చేయాలంటున్నారు. మంచిదే. అయితే అందమైన భవనం కడితే మనుషులు వాళ్లంతట వాళ్లే కలుస్తారన్న నమ్మకం మన అనుభవం ముందు నిలవదు. కారంచేడులో గొడవ మొదలైంది చెరువు దగ్గర. 1985 జులైలో తాము తాగే నీళ్లను పాడుచేయడానికి అడ్డుచెప్పి మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తింది. మర్నాడు, 17న, ఆరుగురు దళితుల్ని చంపారు, స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. చుండూరులో తగాదా మొదలైంది సినిమా హాల్లో, కాలు తగిలిందన్న మాట మీద. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది హతమయ్యారు. చెరువూ, సినిమా హాలూ రెండూ అందరూ వాడుకునే చోట్లే. సమానంగా నిలబడే హక్కు లేనిచోట ఉమ్మడి స్థలం కొట్లాటకు వేదిక అవుతుంది. ఆ తర్వాత దొరికిన పరిష్కారం కూడా చూడండి. కారంచేడు బాధితులు చీరాలకు తరలిపోయారు, అక్కడే వాళ్లకు కాలనీ వెలిసింది. దెబ్బ తిన్నవాళ్లే ఊరు వదిలారు, చెరువు కొట్టినవాళ్లకే మిగిలింది.

కోనసీమలో అందరిదీ అనదగ్గ భవనం అసలు లేకపోలేదు. తుపాను షెల్టరు ఉంది. 1977 నవంబరులో దివిసీమ, 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ. ఆ రెండు రాత్రుల గురించి ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. 1996లో సుమారు వెయ్యిమంది పోయారు. కొబ్బరి చెట్లు లక్షల్లో కూలాయి. అలాంటి అనుభవాల తర్వాతే సఖినేటిపల్లి నుంచి కాట్రేనికోన దాకా తీరం వెంబడి షెల్టర్లు లేచాయి. 2011 తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో నడిచిన తుపాను నివారణ పథకం కింద మన రాష్ట్రంలోనూ ఒడిశాలోనూ బహుళ ప్రయోజన షెల్టర్లు కట్టారు. నీళ్లు వస్తే కులం చూసి రావు, కాబట్టి ఈ భవనం గుమ్మం మీద మాత్రం ఏ కులం పేరూ రాయలేదు.

పరిశోధన పనిమీద తీర గ్రామాల్లో తిరిగిన రోజుల్లో ఒక ఊళ్లో అలాంటి షెల్టరు చూడబోయాను. తాళం వేసి ఉంది. చెవి ఎక్కడుందని అడిగితే ఒక పెద్దమనిషి ఇంట్లో అన్నారు. ఆయన పొలం వెళ్లారు. పేట ఆడవాళ్లు నాతోపాటు మెట్ల మీద కూర్చున్నారు. వాళ్లలో ఒకామె లోపల ఎలా ఉంటుందో తనకు తెలియదంది. ఆ ఊరికి కోడలుగా వచ్చి పదేళ్లు దాటిందట. గాలివాన హెచ్చరిక వస్తే పిల్లల్ని తీసుకుని బడికి పోతామనీ, షెల్టరు ఊరివాళ్లదనుకున్నామనీ చెప్పింది. ఆ భవనం డిజైన్‌లో లోపమేమీ లేదు. స్తంభాలు బలంగానే ఉన్నాయి, వరద మట్టానికి ఎత్తులోనే ఉంది. దాన్ని ఊరి భవనంగా మార్చింది ఆ తాళంచెవి.

విపత్తులో మనుషులు తేడాలు మరిచిపోతారనే మాట కూడా నమ్మదగ్గది కాదు. 2004 సునామీ తర్వాత తమిళనాడులో నాగపట్నం ప్రాంతపు శిబిరాల్లో దళితుల్ని వేరుపెట్టడం, సాయం అందనివ్వకపోవడం హక్కుల సంఘాలు నమోదు చేశాయి. మామూలు రోజుల్లో కలిసి కూర్చోని మనుషులు తుపాను రాత్రి ఒక్కసారిగా కలిసి కూర్చోరు. షెల్టరు ఏడాదిలో మూడువందల అరవై రోజులు తెరిచి ఉంటేనే మిగిలిన ఐదు రోజులూ అందరికీ పనికొస్తుంది.

ఈ ప్రశ్న ప్రత్యేకంగా స్త్రీలది ఎందుకు? ఊరికీ పేటకూ మధ్య గీతను కాపాడే భారం స్త్రీల ఒంటి మీదే పెట్టారు కాబట్టి. ఉమ్మడి స్థలం అనగానే ఊరి పెద్దలకు వచ్చే మొదటి భయం తమ ఆడపిల్ల ఎవరితో మాట్లాడుతుందోనని. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ప్రణయ్‌ను చంపింది ఆ భయమే. ఊరి స్త్రీలను ఇంట్లో ఉంచేదీ, పేట స్త్రీలను పొలంలో అవమానించేదీ ఒకే పితృస్వామ్యం. ఇక ఇప్పుడున్న 'పబ్లిక్' స్థలాలు ఎవరివి? అమలాపురం గడియార స్తంభం దగ్గర, రాజోలు, కొత్తపేట సెంటర్లలో, టీ బడ్డీల దగ్గర, గుడి అరుగుల మీద సాయంత్రాలు కూర్చునేది మగవాళ్లు. ఆడవాళ్లు ఆ చోట్ల ఆగరు, పని చూసుకుని దాటిపోతారు. ఉమ్మడి భవనాన్ని 'ఊరి పెద్దల'ను అడిగి డిజైన్ చేస్తే ఇంకో అరుగు కడతారు, అంతే.

మన సంఘాలు కూడా ఈ విమర్శకు అతీతం కాదు. 1992 తర్వాత సారా వ్యతిరేక ఉద్యమంలో ఊరి స్త్రీలూ పేట స్త్రీలూ పక్కపక్కన నిలబడ్డారని మనం గర్వంగా రాసుకున్నాం. అది నిజమే. ఆ తర్వాత డ్వాక్రా సంఘాలు కట్టినప్పుడు పక్కిళ్లవాళ్లు కలిసి సంఘమయ్యారు. పక్కిల్లు అంటే అదే కులం. మీటింగు ఎవరి వాకిట్లో జరిగితే ఆ కులం సంఘం అయింది. పొదుపు లెక్కలు మండల సమాఖ్యలో కలిశాయి, మనుషులు కలవలేదు. స్థలం సంగతి పట్టించుకోకుండా ఐక్యత గురించి మాట్లాడినందుకు ఇది మన పొరపాటు కూడా.

గోడలు కట్టుకున్న ఊళ్లలోనూ దారి దొరికిన సందర్భాలున్నాయి. ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లో కాథలిక్, ప్రొటెస్టెంట్ వాడల మధ్య 1969 నుంచి గోడలు లేచాయి. 2023 నాటికి తీసేస్తామని 2013లో అక్కడి ప్రభుత్వం మాట ఇచ్చినా అవి పోలేదు. అదే నగరంలో 1990 ప్రాంతంలో కాథలిక్ వాడలోని ఫాల్స్ మహిళా కేంద్రానికి నగరపాలక సంస్థ గ్రాంటు ఆపేస్తే, గోడకు అవతలి ప్రొటెస్టెంట్ వాడలోని షాంకిల్ మహిళా కేంద్రం వాళ్ల పక్షాన నిలబడింది. నగరంలోని మహిళా కేంద్రాలన్నీ కలిసి పనిచేసే వేదిక అలా పుట్టింది. వాళ్లు తమ కేంద్రాలు మూసుకోలేదు, మతం మరిచిపోలేదు. ఎవరి భవనం వాళ్లకుంది కాబట్టే, సమానులుగా కలవగలిగారు.

మరి మనం ఏం అడగాలి? మొదటిది, చోటు. ఊరి నడిబొడ్డున కడితే పేట రాదు, పేటలో కడితే ఊరు రాదు. బడి మధ్యాహ్న భోజనం, చౌక డిపో ఎక్కడ పెట్టారన్నదాన్ని బట్టి ఎవరికి అందుతుందో తేలిపోతుందని మన రాష్ట్రంతో సహా ఐదు రాష్ట్రాల్లో సుఖదేవ్ థోరాట్, జోయెల్ లీ చేసిన అధ్యయనం చూపింది. రెండువైపులా దారి ఉన్న చోటు కావాలి. కాలువ అడ్డమైతే కాలిబాట వంతెన భవనంతోపాటే రావాలి. పంతొమ్మిదో శతాబ్దంలోనే గన్నవరం అక్విడక్టుతో వైనతేయ నది మీదుగా కాలువను దాటించిన నేల ఇది. పేటకూ ఊరికీ మధ్య పదడుగుల వంతెన కట్టలేకపోవడం ఇంజనీరింగు సమస్య అని ఎవరూ చెప్పలేరు.

రెండోది, లోపల ఏం ఉండాలన్నది. ఏడాదికోసారి సభ జరిగే హాలు ఎవరినీ కలపదు. రోజూ అవసరమైనవి అక్కడ ఉండాలి. అంగన్‌వాడీ, మంచినీళ్లు, ఆరోగ్య కార్యకర్త గది, ఆడపిల్లలు చదువుకునే గది, బాలింతలకు చాటు, లోపలినుంచి గడియ పెట్టుకోగల మరుగుదొడ్లు, ముసలివాళ్లు ఎక్కగల వాలుదారి. అన్నిటికంటే ముఖ్యం వంటగది. కులం పట్టు విడవనిది వంట దగ్గరే. బడి వంటమనుషుల నియామకంలో దళితులకు, ఆదివాసీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే చెప్పింది. ఉమ్మడి భవనంలో వంటగది వెనక మూలన కాక అందరికీ కనబడేచోట ఉండాలి. అక్కడ పేట స్త్రీలు జీతానికి వండాలి.

మూడోది తాళంచెవి. భవనం కమిటీలో సగానికి తక్కువ కాకుండా స్త్రీలు, వాళ్లలో దళిత స్త్రీలు పదవుల్లో ఉండాలి. ఒక తాళంచెవి పేటలో ఉండాలి. ఈ నియమం కాగితం మీద రాసి, గ్రామసభలో తీర్మానం చేసి, గోడ మీద పెయింటుతో రాయించాలి. డబ్బు సాధారణ నిధుల నుంచి రావాలి. ఉమ్మడి పనుల పేరుతో 2013 చట్టం కింది ఎస్సీ ఉపప్రణాళిక సొమ్ము వాడితే, దళితుల వాటాతో ఊరికి భవనం కట్టినట్టే.

వీటిలో ఏదీ దయ కాదు. బావులు, చెరువులు, రేవులు, దారుల విషయంలో వివక్ష ఉండకూడదని రాజ్యాంగం 15వ అధికరణ రెండో క్లాజులోనే ఉంది. ఉమ్మడి వనరులు, రేవులు, దారులు, శ్మశానాలు సమానంగా వాడుకోనివ్వకపోవడాన్ని అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో తెచ్చిన సవరణ నేరంగా పేర్కొంది. అంబేద్కర్ 1927 మార్చిలో మహద్ చెరువు దగ్గరకు వెళ్లింది ఈ హక్కు కోసమే. ఆయన పేరు పెట్టుకున్న జిల్లాలో రేవులు ఇంకా రెండుగా ఉండటం ఆ పేరుకే అవమానం.

అమలాపురం ఇప్పుడు జిల్లా కేంద్రం. కార్యాలయాలు వస్తున్నాయి, కొబ్బరి తోటలు లేఅవుట్లవుతున్నాయి. ఒకసారి గీసిన రోడ్డు వందేళ్లుంటుంది. ఇప్పుడు అడక్కపోతే కొత్త పట్టణం కూడా పాత ఊరిలాగే గీస్తారు.

ఈ మూడు నెలల్లో ప్రతి సంఘం ఒక పని చేయవచ్చు. ఊరినుంచి నలుగురు, పేటనుంచి నలుగురు స్త్రీలు కలిసి ఒక పూట నడవాలి. షెల్టరు, అంగన్‌వాడీ, పంచాయతీ ఆఫీసు, సచివాలయం, కమ్యూనిటీ హాళ్లు, రేవులు, శ్మశానాలు కాగితం మీద గుర్తుపెట్టాలి. ఒక్కోదాని పక్కన ఎవరు వస్తారో, ఎవరు రారో, తాళంచెవి ఎవరింట్లో ఉందో రాయాలి. నిర్వహణ ఎవరిదో తెలియకపోతే సమాచార హక్కు కింద అడగాలి. ఆ కాగితం పట్టుకుని వచ్చే గ్రామసభకు, పట్టణంలో అయితే వార్డు సభకు వెళ్లాలి. ఆ ఎనిమిదిమందీ మొదటిసారి ఎవరి వాకిట్లో కూర్చుని ఆ పటం గీయాలన్న ప్రశ్న దగ్గరే కొన్ని సంఘాలు ఆగిపోతాయని నాకు తెలుసు. పేట వాకిట్లో కూర్చుని మొదలుపెట్టండి.