తెల్లచారల తీగ

మా రెజిమెంటల్ బజార్‌లో తోట అంటే వరండాలోనో, మేడమెట్ల పక్కనో నాలుగు కుండీలు. చలిదేశపు ఐవీ తీగ మన వేసవికి తాళలేదు. ఆ ముచ్చట తీర్చేది తెల్లచారల మనీప్లాంటే. దీని పుట్టిల్లు తాహితి పొరుగున ఉన్న మోరియా దీవి. ఎంత అశ్రద్ధ చేసినా చావదని ఇంగ్లీషువాళ్ళు దీనికి 'దయ్యపు ఐవీ' అని పేరు పెట్టారు!

దీన్ని పెంచే గృహిణులు నన్నడిగే ప్రశ్న ఒక్కటే: "తెల్లచారలు ఏమైపోయాయండీ? ఉత్త పచ్చాకులే వస్తున్నాయి."

తీగకు అన్నం వండిపెట్టేది ఆకులోని పచ్చదనమే. తెలుపు కూర్చుని తినే చుట్టం. వెలుతురు చాలని మూలన పెడితే తీగ పొదుపులో పడి, పచ్చాకులే వేస్తుంది. కుండీని వెలుతురులోకి జరపండి. మిట్టమధ్యాహ్నపు ఎండ మాత్రం తగలనివ్వకండి; తెల్లభాగం మాడిపోతుంది.

తరువాతిది మనసు రాయి చేసుకోవలసిన పని. పూర్తిగా పచ్చబడిన కొమ్మ ఏపుగా సాగుతుంది. జాలిపడి ఉంచారా, చారల కొమ్మను మించిపోతుంది. చారలున్న ఆకు వరకు ఉంచి, ఆపైది కత్తిరించండి. పారెయ్యనక్కరలేదు, కణుపుతో సహా సీసా నీళ్ళలో పెడితే వేళ్ళు వేస్తుంది. అంతా తెల్లగా ఉన్న కొమ్మ మాత్రం విడిగా బతకదు. ఈ మొక్క దొంగిలించి తెస్తేనే అచ్చివస్తుందంటారు గాని, అడిగినవారికి నేనే ఇస్తాను.

ఒక్క హెచ్చరిక. ఆకు నమిలితే నోరు మండి, వాస్తుంది. పాకే పిల్లలున్న ఇంట్లో కుండీ చేతికందని ఎత్తున ఉండాలి. వేలాడే తీగను పైకి చుట్టండి.