పడకలు లెక్కపెట్టే పాలకులు నర్సులను లెక్కపెట్టరా?

ప్రభుత్వాసుపత్రిలో చేరే పేద రోగికి డాక్టరు కన్నా ముందు కావాల్సింది వెంట వచ్చే మనిషి. భార్యో కూతురో పక్కన లేకపోతే అతడికి దిక్కుండదు. బెడ్‌పాన్ పెట్టాల్సిన ఎఫ్‌ఎన్‌ఓ (మహిళా నర్సింగ్ ఆర్డర్లీ), స్ట్రెచర్ తోయాల్సిన ఎంఎన్‌ఓ (పురుష నర్సింగ్ ఆర్డర్లీ) వేళకు కనబడరు. సెలైన్ అయిపోయిందని ‘సిస్టర్’ను కేకేయాల్సిందీ ఇంటివాళ్లే. నర్సింగ్ పనిలో సగం రోగి బంధువుల నెత్తికెక్కి ఏళ్లు గడిచాయి. జీవో లేకుండా, శాసనసభలో మాటైనా లేకుండా జరిగిన ఈ బదలాయింపు పేదల వైద్యంలో పడిన అతి పెద్ద కోత.

తెనాలి జిల్లా ఆసుపత్రి, బాపట్ల ఏరియా ఆసుపత్రి, రేపల్లె ప్రభుత్వాసుపత్రి కృష్ణా డెల్టా పల్లెలకు పెద్ద ఆసరా. నిజాంపట్నం మత్స్యకారుడికైనా, చేలో పాము కరిచిన కూలీకైనా, తొలి కాన్పుకు వచ్చిన ఆడపిల్లకైనా ముందు గుర్తొచ్చేవి ఇవే. గుంటూరు తర్వాతి మాట. అందుకే ఇక్కడ నర్సింగ్ సేవ ఎలా ఉందన్నది ఆ పల్లెల ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న.

ప్రాథమిక నర్సింగ్‌కు ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. కదల్లేని రోగిని రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి. వీపు తుడవాలి, నోరు శుభ్రం చేయాలి. తాగిన నీళ్లు, పోసిన మూత్రం, జ్వరం, నాడి, బీపీ చార్టులో రాయాలి. సెలైన్ ఎక్కే చేయి వాచిందేమో చూడాలి. ఇవి జరగకపోతే ఆపరేషన్ బాగా జరిగినా రోగి కొత్త జబ్బుతో ఇల్లు చేరతాడు. పక్షవాతం వచ్చిన ముసలాయన నడుము కింద పడే పుండు చాలాసార్లు వయసు వల్ల వచ్చింది కాదు, ఎవరూ పక్కకు తిప్పకపోవడం వల్ల వచ్చింది.

ఎందుకు తిప్పలేదో తెలియాలంటే లెక్క చూడాలి. భారతీయ నర్సింగ్ మండలి ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు, ఇతర ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒక నర్సు ఉండాలి. సెలవుల కోసం మరో 30 శాతం అదనం. ఆ అదనం లేకపోతే 30 పడకల వార్డుకు ఆరుగురు, మూడు షిఫ్టులకు పంచితే పూటకు ఇద్దరు. ఒక పోస్టు ఖాళీగా ఉండి, ఇంకొకరు డిప్యుటేషన్ మీద వెళితే రాత్రికి మిగిలేది ఒక్కరే. కదల్లేని రోగులు అయిదుగురుంటే, తలా పది నిమిషాల చొప్పున ప్రతి రెండు గంటల్లో 50 నిమిషాలు వారికే సరి. ఇంజెక్షన్లు, కొత్త అడ్మిషన్లు, కేస్ షీట్లు, ఆన్‌లైన్ నమోదులు అన్నీ మిగిలిన 70 నిమిషాల్లో. ఆమె ఎంత దయగలదైనా ఈ లెక్క మారదు.

కనిపెట్టి ఉండే కన్ను లేకపోతే ఏమవుతుందో గుంటూరు సర్వజనాసుపత్రిలో 2015 ఆగస్టులో రాష్ట్రమంతా చూసింది. శస్త్రచికిత్స కోసం చేరిన పది రోజుల పసికందును ఐసీయూలోనే ఎలుకలు కొరికాయి, బిడ్డ చనిపోయాడు. ఆ తర్వాత బోన్లు పెట్టారు, ఎలుకల వేట సాగించారు. ఐసీయూలో బిడ్డ మీద నుంచి చూపు మరలకూడదన్నది నర్సింగ్ తొలిపాఠం. దాన్ని పాటించడానికి కావాల్సింది మనుషులు, బోన్లు కాదు.

పాలకుల ధ్యాస మాత్రం భవనాల మీదే. గత ప్రభుత్వం తలపెట్టిన 17 కొత్త వైద్య కళాశాలల్లో బాపట్ల ఒకటి. ప్రస్తుత ప్రభుత్వం 2025లో బాపట్ల సహా పదింటిని ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య (పీపీపీ) పద్ధతికి మళ్లించింది. కట్టేదెవరు, నడిపేదెవరు అంటూ ఇరుపక్షాలూ వాదులాడుకున్నాయి. ఉన్న ఆసుపత్రిలో అర్ధరాత్రి రోగిని చూసుకునేదెవరన్న ప్రశ్న ఆ రభసలో వినిపించలేదు. జర్మన్ నేర్పి నర్సులను జర్మనీ పంపడానికి ఉన్న ఉత్సాహం, వారిని ఇక్కడ పర్మినెంట్ ఉద్యోగాల్లో నిలుపుకోవడానికి లేదు.

అయితే కొరత అన్నిటికీ సాకు కాదు. నొప్పులు పడుతున్న తల్లిని కసురుకోవడానికి, బిడ్డను చూపించి చేయి చాపడానికి కొరతతో పనేముంది? జననీ శిశు సురక్ష కార్యక్రమం 2011లోనే సర్కారు కాన్పును పూర్తిగా ఉచితం చేసింది. అయినా మగపిల్లాడైతే ఇంత, ఆడపిల్లయితే ఇంత అనే రేట్ల గురించి వినని పల్లె లేదు. అది తెలిసీ కళ్లు మూసుకునే అధికారి ఆ వసూళ్లలో భాగస్వామే.

తెనాలి ఎమ్మెల్యే నాదెండ్ల మనోహర్, రేపల్లె ఎమ్మెల్యే అనగాని సత్యప్రసాద్ ఇద్దరూ రాష్ట్ర మంత్రులు. మంత్రివర్గంలో మన మాట వినేవారు లేరని ఈ ప్రాంతం చెప్పుకోలేదు. ఆ ఇద్దరూ పట్టుబట్టి ప్రతి వార్డు గుమ్మం పక్కన ఆ షిఫ్టులో రోగులెందరో, నర్సులెందరో రోజూ రాయించాలి. ఖాళీలను శాశ్వత నియామకాలతో నింపాలి, డిప్యుటేషన్లను రద్దు చేయాలి. పడక పుండ్లు పడిన రోగుల సంఖ్యను ఆసుపత్రి అభివృద్ధి సంఘం ముందు నెలనెలా పెట్టాలి. లంచం అడిగినవారిపై విచారణ జరిపి, ఫలితాన్ని బయటపెట్టాలి.

నర్సు లేని పడకను ఆసుపత్రి పడకగా లెక్క చూపడం ప్రజలను మోసగించడమే.